విలన్ ఎవరో ఫ్యాన్స్ ముందే కనిపెట్టేస్తే?

ఈ ఎపిసోడ్‌లో ఒక వింత కేసు గురించి మాట్లాడుకుందాం. 1991లో అమెరికాలో డీసీ కామిక్స్ వాళ్లు ఒక పెద్ద కథ మొదలుపెట్టారు. అందులో మాస్క్ వేసుకున్న ఒక విలన్ ఉంటాడు. ఆ మాస్క్ వెనక ఉన్నది మనకు బాగా తెలిసిన ఒక హీరోయే. ఎవరా హీరో? కథంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. దీని చుట్టూ మొత్తం 14 పుస్తకాలు వేశారు. చివరి పుస్తకం రాకముందే జవాబు ఫ్యాన్స్ చేతికి వచ్చేసింది. అప్పుడు డీసీ వాళ్లు ఏం చేశారో తెలుసా? జవాబునే మార్చేశారు.

క్వశ్చన్ పేపర్ లీకైతే ఇంకో పేపర్ ఇచ్చి పరీక్ష మళ్లీ పెట్టడం మనకు తెలుసు. ఇక్కడ మాత్రం పేపర్ అదే, పరీక్ష అదే. కరెక్ట్ ఆన్సర్ రాసినవాళ్లకి తప్పు పెట్టారు. అసలు ఎందుకిలా చేశారు, దాంతో ఏమైంది అనేది చివర్లో వివరంగా చూద్దాం. ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఈ గెస్సింగ్ ఆటకి పెద్ద చరిత్రే ఉంది.

మీలో చాలామంది ఎవెంజర్స్ ఎండ్‌గేమ్ రిలీజ్‌కి ముందు థియరీ వీడియోలు చూసే ఉంటారు. ట్రైలర్‌ని ఎక్కడికక్కడ ఆపి, వెనకాల గోడ మీద ఏముంది, షూ రంగు ఎందుకు మారింది అని వెతకడం. ఇదంతా ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన పిచ్చి అనుకుంటాం. కానీ 60 ఏళ్ల కిందటే మొదలైంది. అప్పుడు వాళ్ల దగ్గర ఉన్నవి కాగితం, పెన్ను, పోస్టల్ స్టాంపు. అంతే.

అమెరికన్ కామిక్ పుస్తకాల చివర్లో పాఠకుల ఉత్తరాల పేజీ ఉండేది. తక్కువ పోస్టల్ రేటు రావాలంటే బొమ్మలతో పాటు కొంత రాత కూడా ఉండాలని అప్పటి రూల్. మొదట్లో ఆ ఖాళీలో చిన్న చిన్న కథలు వేసేవాళ్లు. తర్వాత ఉత్తరాలు వేస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. రాసిపెట్టేవాళ్లు పాఠకులే, కంపెనీకి ఖర్చు లేదు.

1960ల మొదట్లో డీసీలో జూలియస్ ష్వార్ట్జ్ అనే ఎడిటర్ ఒక చిన్న పని చేశాడు. ఉత్తరంతో పాటు రాసినవాళ్ల పూర్తి అడ్రస్ కూడా ప్రింట్ చేయడం మొదలుపెట్టాడు. చూడ్డానికి ఇది చాలా చిన్న మార్పు. కానీ దాని ఎఫెక్ట్ ఆలోచించండి. అప్పటిదాకా ఒక ఊళ్లో ఒక్క కుర్రాడు కామిక్ చదివి, మాట్లాడటానికి ఎవరూ లేక ఊరుకునేవాడు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో తనలాంటి వాడి అడ్రస్ చేతికి దొరికింది. వాళ్లు ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. వచ్చే నెల కథలో ఏం జరగొచ్చు, పాత హీరోల్లో ఎవర్ని మళ్లీ తెస్తారు అని వాదించుకోవడం మొదలైంది. మనం ఈ రోజు గ్రూపులో చేసేది అదే. కాకపోతే రిప్లై రావడానికి వారం పట్టేది.

ఆ రోజుల్లోనే ఉత్తరాలతో కలిసినవాళ్లు జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్. బెయిల్స్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు, థామస్ మిజోరీ రాష్ట్రం కుర్రాడు. 1961లో బెయిల్స్ 'ఆల్టర్ ఈగో' అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. ఫ్యాన్స్ సొంతంగా కాపీలు తీసి పోస్టులో పంచుకునే పత్రిక అన్నమాట. థామస్ కూడా అందులో చేయి వేశాడు. అదే రాయ్ థామస్ 1965లో మార్వెల్‌లో రైటర్‌గా చేరాడు. 1972కి అక్కడ ఎడిటర్ ఇన్ చీఫ్ అయ్యాడు.

ఇంకో కేసు వింటే మీకు ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. పిట్స్‌బర్గ్‌లో జిమ్ షూటర్ అనే 13 ఏళ్ల పిల్లాడు. ఇంట్లో డబ్బులకి ఇబ్బంది. చదివిన కామిక్స్ చూసి 'ఇంతకన్నా బాగా నేను రాయగలను' అనుకున్నాడు. 'లీజియన్ ఆఫ్ సూపర్ హీరోస్' కథ ఒకటి రాసి, బొమ్మలు కూడా తనే గీసి డీసీకి పంపాడు. వాళ్లు కొన్నారు! 1966లో అతని కథ అచ్చయ్యేటప్పటికి వయసు 14. ఆ షూటర్ 1978లో మార్వెల్ ఎడిటర్ ఇన్ చీఫ్ అయ్యాడు.

ఈ రెండు పేర్లు ఎందుకు చెప్పానంటే, కామిక్స్‌లో ఫ్యాన్‌కీ రైటర్‌కీ మధ్య ఉన్న గోడ చాలా పల్చన. ఈ రోజు 'నెక్స్ట్ ఏమవుతుంది' అని గెస్ చేసినవాడే రేపు ఆ నెక్స్ట్ రాసే సీట్లో కూర్చున్నాడు. గెస్సింగ్ అంటే టైంపాస్ అని తీసిపారేసేవాళ్లకి ఇది గుర్తు చేయాలి. కథ ఎలా పనిచేస్తుందో వాళ్లు నేర్చుకున్న స్కూల్ అదే.

ఇక మార్వెల్‌లో స్టాన్ లీ పాఠకులతో ఇంకోలా ఆడాడు. కథలో తప్పు దొరికితే పిల్లలు వెంటనే ఉత్తరం రాసేవాళ్లు. 'ఆ హీరో చేతిలో గన్ మాయమైంది, ఈ పేరు పోయిన నెల వేరేలా ఉంది' అని. స్టాన్ లీ వాళ్లకి 'నో ప్రైజ్' అని ఒక బహుమతి ప్రకటించాడు. పేరులోనే ఉంది కదా, ప్రైజ్ ఏమీ లేదు. తర్వాత రోజుల్లో నిజంగానే కవర్ పంపేవాళ్లు. లోపల ఏమీ ఉండదు, ఖాళీ కవర్! దానికోసం పిల్లలు పోటీ పడేవాళ్లు. రాన్రాను తప్పు పట్టుకుంటే చాలదు, ఆ తప్పు ఎందుకు తప్పు కాదో కథ లోపలి లాజిక్‌తోనే వివరిస్తే గానీ ప్రైజ్ లేదన్నారు. అంటే పాఠకుడికి ఒక అలవాటు నేర్పారు. ప్రతి బొమ్మా జాగ్రత్తగా చూడు, గుర్తుపెట్టుకో, లింకు వెతుకు.

ఇలా ట్రైనింగ్ ఇచ్చిన పాఠకుల ముందు ఒక మిస్టరీ పెడితే ఏమవుతుంది? ఇక్కడే మన అసలు కథ మొదలవుతుంది.

1964లో 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' 14వ సంచికలో గ్రీన్ గాబ్లిన్ వచ్చాడు. అతను ఎవరో చెప్పలేదు. రెండేళ్లు అలాగే సాగదీశారు. 1966లో 39వ సంచికలో మాస్క్ తీశారు. నార్మన్ ఆస్బర్న్, పీటర్ ఫ్రెండ్ హ్యారీ వాళ్ల నాన్న. అప్పటికి ఆ సిరీస్ మొదటి ఆర్టిస్ట్ స్టీవ్ డిట్కో 38వ సంచికతో వెళ్లిపోయాడు. దాంతో ఒక పుకారు పుట్టింది. గాబ్లిన్ ఎవరో ఒక ముక్కూమొహం తెలియనివాడిగా ఉండాలని డిట్కో అన్నాడట, తెలిసినవాడే కావాలని స్టాన్ లీ అన్నాడట, ఆ గొడవలో వెళ్లిపోయాడట అని. దశాబ్దాలపాటు అందరూ ఇదే చెప్పుకున్నారు. కానీ డిట్కో తర్వాత తన వ్యాసాల్లో అది నిజం కాదని రాశాడు. గాబ్లిన్ ఎవరో ముందే అనుకున్నానని, అందుకే ఆ మనిషిని అంతకుముందే జేమ్సన్ వెళ్లే బిజినెస్‌మెన్ క్లబ్బు సీన్లలో పేరు లేకుండా వెనకాల గీసి పెట్టానని చెప్పాడు.

ఆ పాయింట్ గుర్తుపెట్టుకోండి. మాస్క్ తీయకముందే ఆ ముఖం పేజీ మీద ఉంది. జాగ్రత్తగా చూసినవాడికి దొరికే ఛాన్స్ ఇచ్చారు. తర్వాత పాత సంచికలు తిరగేసి చూస్తే 'అరె, ఇక్కడే ఉన్నాడే!' అనిపిస్తుంది. మిస్టరీ కథలో అసలు కిక్ అదే కదా.

ఇప్పుడు 1970లకి వద్దాం. ఇక్కడ ఒక బిజినెస్ మార్పు వచ్చింది, అది గెస్సింగ్ ఆటనే మార్చేసింది. అప్పటిదాకా కామిక్స్ న్యూస్‌పేపర్ షాపుల్లో అమ్మేవాళ్లు. అమ్ముడుపోనివి వెనక్కి ఇచ్చేయొచ్చు. బ్రూక్లిన్‌లో ఇంగ్లిష్ టీచర్‌గా పనిచేసిన ఫిల్ స్యూలింగ్ అనే ఆయన పబ్లిషర్ల దగ్గరకెళ్లి ఒక డీల్ పెట్టాడు. కామిక్స్ మాత్రమే అమ్మే షాపులకి ఎక్కువ డిస్కౌంట్ ఇవ్వండి, మిగిలినవి మేం వెనక్కి ఇవ్వం అని. దీన్నే డైరెక్ట్ మార్కెట్ అంటారు.

వెనక్కి ఇవ్వకూడదంటే షాపువాడికి రిస్క్ కదా? మరి ఎన్ని కాపీలు ఆర్డర్ పెట్టాలో వాడికి ఎలా తెలుస్తుంది? అందుకని పబ్లిషర్లు కొన్ని నెలల ముందే కేటలాగ్ ఇవ్వాల్సి వచ్చింది. ఏ సంచికలో ఎవరు ఉంటారు, కవర్ ఎలా ఉంటుంది, కథ రెండు లైన్లలో ఏంటి అని. ఆ కేటలాగ్ షాపు కౌంటర్ మీదే ఉంటుంది. ఫ్యాన్ దాన్ని తిరగేస్తాడు. 'ఈ నెల వీడు చచ్చిపోతాడని సస్పెన్స్ పెట్టారు, కానీ మూడు నెలల తర్వాత కవర్ మీద వీడే ఉన్నాడుగా!' అయిపోయింది. అంటే కంపెనీయే సేల్స్ కోసం క్లూలు అమ్ముతోంది, మళ్లీ అదే కంపెనీ సస్పెన్స్ కావాలంటోంది. ఈ రెండిటి మధ్య ఇరుకులోంచే తర్వాతి గొడవలన్నీ వచ్చాయి.

మొదటి పెద్ద గొడవ హాబ్‌గాబ్లిన్. 1983లో 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' 238లో రోజర్ స్టర్న్ అనే రైటర్ ఇతన్ని తెచ్చాడు. పాత గ్రీన్ గాబ్లిన్ సామాన్లు దొరికిన ఒక కొత్త మనిషి. ఎవరో చెప్పలేదు. స్టర్న్ మనసులో ఉన్న పేరు రోడరిక్ కింగ్స్‌లీ, ఫ్యాషన్ బిజినెస్ చేసే ఒక డబ్బున్న మనిషి. కానీ జవాబు చెప్పకముందే 1984లో స్టర్న్ ఆ సిరీస్ వదిలేశాడు. తర్వాత వచ్చిన రైటర్లకీ ఎడిటర్లకీ తలా ఒక ఐడియా. ఒకసారి పీటర్ ఫ్రెండ్ ఫ్లాష్ థాంప్సన్‌ని ఇరికించి జైల్లో కూడా వేశారు. పాఠకులేమో ప్రతి సంచికా ముందేసుకుని లెక్కలు వేస్తున్నారు.

1987లో 289వ సంచికలో జవాబు వచ్చింది. హాబ్‌గాబ్లిన్ అంటే నెడ్ లీడ్స్, పేపర్ రిపోర్టర్. సరే, బాగానే ఉంది. కానీ ఒక చిక్కు. నెడ్ లీడ్స్ అప్పటికే వేరే పుస్తకంలో చనిపోయి ఉన్నాడు. చంపింది మామూలు కిరాయి హంతకులు. హాబ్‌గాబ్లిన్ అంటే స్పైడర్ మ్యాన్‌తో సమానంగా కొట్టుకునే బలం ఉన్నవాడు కదా? అలాంటి వాడిని మామూలు మనుషులు ఎలా చంపారు? పాఠకులకి ఇది మింగుడుపడలేదు.

చివరికి 1997లో స్టర్న్‌నే మళ్లీ పిలిచారు. 'హాబ్‌గాబ్లిన్ లివ్స్' అని మూడు సంచికల కథ. అసలు వాడు కింగ్స్‌లీయే, నెడ్ లీడ్స్‌ని బ్రెయిన్‌వాష్ చేసి ముందు పెట్టాడు అని తేల్చారు. మధ్యలో ఒక సంచికలో కింగ్స్‌లీ, హాబ్‌గాబ్లిన్ ఇద్దరూ ఒకే గదిలో కనిపిస్తారు. దానికీ లెక్క చెప్పారు, అక్కడున్నది కింగ్స్‌లీ సోదరుడు డేనియల్ అని. 1983లో వేసిన ప్రశ్నకి 1997లో జవాబు. 14 ఏళ్లు! స్కూల్లో చేరిన పిల్లాడు కాలేజీ చేరేంత టైం.

ఇక్కడ జవాబు మారింది ఫ్యాన్స్ కనిపెట్టారని కాదు, రాసేవాళ్లు మారిపోయారని. కానీ దెబ్బ తగిలింది మాత్రం చదివేవాళ్లకే. నాలుగేళ్లు క్లూలు కూడబెట్టుకుని, చివరికి ఆ క్లూలకీ ఆ జవాబుకీ సంబంధం లేదని తెలిస్తే ఎలా ఉంటుంది?

ఈ లోపల డీసీ వాళ్లు ఇంకో ప్రయోగం చేశారు. 'గెస్ చేయడం ఎందుకు, మీరే చెప్పేయండి' అన్నారు. 1988లో బ్యాట్‌మ్యాన్ పక్కనుండే రాబిన్ జేసన్ టాడ్. పాఠకుల్లో చాలామందికి అతను నచ్చలేదు. జిమ్ స్టార్లిన్ రాసిన 'ఎ డెత్ ఇన్ ది ఫ్యామిలీ' కథలో, 427వ సంచిక చివర జోకర్ పెట్టిన బాంబు పేలుతుంది. రాబిన్ బతికాడా, పోయాడా? రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు. ఒకటి బతకాలి, రెండోది చావాలి. ఒక్కో కాల్‌కి 50 సెంట్లు. సెప్టెంబరులో ఒకటిన్నర రోజు లైన్లు తెరిచారు. ఎడిటర్ డెన్నిస్ ఓనీల్ రెండు రకాల ఎండింగులూ రెడీగా పెట్టుకున్నాడు.

రిజల్ట్ చూడండి. చావాలి అన్నవాళ్లు 5,343. బతకాలి అన్నవాళ్లు 5,271. తేడా 72 కాల్స్. ఎవరో ఒకాయన కంప్యూటర్‌తో పదే పదే డయల్ చేయించాడనే పుకారు కూడా ఉందని ఓనీలే తర్వాత చెప్పాడు. పుకారు నిజమో కాదో పక్కన పెడితే, డబ్బులున్నవాడు ఎన్నిసార్లైనా ఓటు వేయొచ్చు కదా. పేపర్లలో, టీవీల్లో పెద్ద గోల అయింది. ఒక పిల్లాడి చావుని ఫోన్ ఓటింగుకి పెడతారా అని. సరదా ఏంటంటే, 2005లో జేసన్ టాడ్‌ని తిరిగి బతికించారు. 2023లో అయితే, రాబిన్ బతికాడని చెప్పే ఆ రెండో వెర్షన్ 428వ సంచికని కూడా అచ్చువేసి అమ్మారు!

గెస్ చేయడానికీ, ఓటు వేయడానికీ తేడా ఉంది ఫ్రెండ్స్. గెస్ చేసేటప్పుడు మనం కథని చదువుతాం. వాళ్లు ఏం చెప్పాలనుకుంటున్నారో పట్టుకోవడానికి ట్రై చేస్తాం. ఓటు వేసేటప్పుడు కథ చదవక్కర్లేదు, మనకేం కావాలో చెప్తే చాలు. మొదటిది వినడం, రెండోది ఆర్డర్ వేయడం.

సరే, ఇప్పుడు మొదట్లో చెప్పిన 1991 కేసుకి వద్దాం. కథ పేరు 'ఆర్మగెడ్డన్ 2001'. ఐడియా చాలా బాగుంటుంది. 2030లో ప్రపంచాన్ని మోనార్క్ అనే నియంత ఏలుతుంటాడు. 2001లో ఒక సూపర్ హీరో చెడిపోయి, మిగతా హీరోలందర్నీ చంపి మోనార్క్ అయ్యాడు. ఎవరో ఎవరికీ తెలీదు. మాథ్యూ రైడర్ అనే సైంటిస్ట్ టైమ్ ట్రావెల్ చేసి, వేవ్‌రైడర్ అనే కొత్త రూపంలో 1991కి వస్తాడు. అతను ఒక హీరోని ముట్టుకుంటే వాళ్ల భవిష్యత్తు కనిపిస్తుంది. ఒక్కొక్కర్నీ అలా చెక్ చేసుకుంటూ వెళ్తాడు.

మొదట ఒక పుస్తకం, చివర ఒక పుస్తకం, మధ్యలో ఆ ఏడాది 12 యాన్యువల్స్. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, ఫ్లాష్, జస్టిస్ లీగ్, టైటాన్స్, హాక్ అండ్ డవ్, ఇలా. ఒక్కో యాన్యువల్‌లో ఒక్కో భవిష్యత్తు. 'వీడు కాదు' అని ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ వెళ్లే ఆట. ఎలిమినేషన్ రౌండ్ అనుకోండి. ఆట ఆడాలంటే పుస్తకాలన్నీ కొనాలి. అందరూ కొనలేరు, కొన్నవాళ్లు మాత్రం నోట్సు రాసుకుంటూ ఆడారు.

డీసీ అనుకున్న జవాబు కెప్టెన్ యాటమ్. అతని సొంత సిరీస్ ఆ ఏడాదే ఆగిపోతోంది. న్యూక్లియర్ పవర్ ఉన్నవాడు, మిలిటరీ మనిషి. లోహపు కవచంలో ఉన్న నియంతకి బాగా సరిపోతాడు. ఇంకేముంది, చివరి భాగం రాకముందే మోనార్క్ అంటే కెప్టెన్ యాటమ్ అనే మాట బయటికి పొక్కి ఫ్యాన్స్ మధ్య పాకిపోయింది. కంపెనీకి కంగారు పుట్టింది. ఆఖరి నిమిషంలో మోనార్క్‌ని హాక్‌గా మార్చేశారు.

హాక్ అంటే హ్యాంక్ హాల్. హాక్ అండ్ డవ్ జంటలో కోపిష్టి. చివరి పుస్తకంలో మోనార్క్ అతని కళ్ల ముందే డవ్‌ని చంపుతాడు. హాక్ పిచ్చి కోపంతో మోనార్క్‌ని చంపి మాస్క్ తీస్తే, లోపల ఉన్నది వయసైన తనే. అక్కడ్నించి తనే మోనార్క్ అవుతాడు. విడిగా వింటే ట్విస్ట్ బాగానే ఉంది కదా?

సమస్య ఏంటంటే, హాక్ అండ్ డవ్ యాన్యువల్‌లో వాళ్ల భవిష్యత్తు ముందే చూపించేశారు. అందులో వాళ్లు మోనార్క్‌కి ఎదురు నిలబడతారు. అంటే నోట్సు రాసుకున్న పాఠకుడు హాక్ పేరు ఎప్పుడో కొట్టేశాడు. అదీ కంపెనీ ఇచ్చిన క్లూ ప్రకారమే. మొదట చెప్పాను చూడండి, కరెక్ట్ ఆన్సర్ రాసినవాడికి తప్పు పెట్టారని. ఇదే అది. ఎంత జాగ్రత్తగా చదివితే అంత ఎక్కువ మోసపోయారు. అసలు క్లూలు పట్టించుకోనివాడికి ఏ బాధా లేదు.

నేను వీడియోలు మొదలుపెట్టక ముందు సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను కదా. రిలీజ్ ముందు రాత్రి 'ఒక్క వేల్యూ మార్చండి, చిన్న పనే' అంటారు. మార్చడం నిజంగా ఒక్క లైనే. కానీ ఆ వేల్యూ మీద ఆధారపడి ఇంకో 12 ఫైళ్లు రాసి ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు, టైం ఉండదు. పొద్దున్నే యూజర్ దగ్గర అన్నీ పగుళ్లే. ఆర్మగెడ్డన్‌లో జరిగింది ఇదే. చివరి పుస్తకంలో ఒక పేరు మార్చారు. దానికి ముందొచ్చిన 12 యాన్యువల్స్ అప్పటికే జనం ఇళ్లలో ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుని మార్చలేరు కదా.

డీసీ వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. వాళ్ల భయం అబద్ధం కాదు. జవాబు తెలిసిపోతే చివరి పుస్తకం ఎవరు కొంటారు? షాపులవాళ్లు ఆర్డర్లు తగ్గిస్తారేమో. ఇంకో తేడా కూడా ఉంది. పాఠకుడు క్లూలు కలిపి కనిపెట్టడం వేరు, లోపలి మాట బయటికి పొక్కడం వేరు. రెండోది ఆటలో కాపీ కొట్టడమే. ఆ కోపం న్యాయమే. కానీ కాపీ కొట్టింది కొందరు. శిక్ష పడింది మాత్రం కాపీ కొట్టకుండా కూర్చుని ఆడినవాళ్లకి.

తర్వాత ఏమైంది? హాక్ 1994లో 'జీరో అవర్' కథలో ఎక్స్‌టెంట్ అనే విలన్ అయ్యాడు. 1968లో పుట్టిన ఒక పాత హీరో చరిత్ర అంతా ఒక హడావిడి నిర్ణయంతో అలా తిరిగిపోయింది. ఇంకో జోక్ ఏంటంటే, 2006, 2007 కథల్లో డీసీ వాళ్లే కెప్టెన్ యాటమ్‌కి మోనార్క్ కవచం తొడిగారు! అంటే 15 ఏళ్ల తర్వాత మొదటి జవాబు దగ్గరికే తిరిగొచ్చారు. అప్పుడు కరెక్ట్‌గా కనిపెట్టినవాళ్లకి మార్కులు పడ్డాయి, కానీ ఎంత లేటుగా! ఇంకో చిన్న విషయం. కెప్టెన్ యాటమ్, హాక్, గ్రీన్ గాబ్లిన్, ఈ ముగ్గురి పుట్టుకలోనూ చేయి ఉన్నది ఒకే ఆర్టిస్ట్‌ది. స్టీవ్ డిట్కో. మాస్క్ తీయకముందే ముఖం గీసి పెట్టిన ఆయన.

మరి కనిపెట్టేస్తే రైటర్ ఏం చేయాలి? దీనికి నాకు నచ్చిన జవాబు ఒక పాత కామిక్ ఫ్యాన్ ఇచ్చాడు. 1963లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 20వ సంచికలో న్యూజెర్సీ నుంచి ఒక టీనేజ్ కుర్రాడి ఉత్తరం అచ్చయింది. 17వ సంచికని తెగ పొగుడుతూ రాశాడు. ఆ కుర్రాడి పేరు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. అవును, గేమ్ ఆఫ్ థ్రోన్స్ రాసిన మార్టినే. ఉత్తరాలు రాసిన కుర్రాడు పెద్దయ్యాక, లక్షలమంది తన కథ ఎండింగ్ గెస్ చేసే సీట్లోకి వచ్చాడు. 2014లో ఆయన ఒక సభలో దీని గురించి మాట్లాడాడు. కొందరు పాఠకులు క్లూలు పట్టుకుని కరెక్ట్‌గా ఊహించారని ఒప్పుకున్నాడు. మార్చాలా అని ఆలోచించి, వద్దనుకున్నానని చెప్పాడు. ఎందుకంటే క్లూలన్నీ ముందే నాటి పెట్టాడు, ఇప్పుడు ఎండింగ్ మారిస్తే అవన్నీ అబద్ధాలైపోతాయి.

మనకి ఇంకా దగ్గరి ఎగ్జాంపుల్ కావాలా? 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా మన ఇళ్లల్లో, బస్సుల్లో, క్యాంటీన్లలో ఒకటే ప్రశ్న. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? కట్టప్ప సింహాసనానికి బానిస, మాట తప్పడు అని మొదటి పార్టులోనే చెప్పేశారు. దాన్నిబట్టి పైనుంచి ఎవరో ఆజ్ఞ ఇచ్చి ఉంటారని ఊహించడం పెద్ద కష్టమేం కాదు. ఊహించినవాళ్లు సినిమా చూడటం మానేశారా? శివగామి ఆ మాట అనే సీన్‌కి, కట్టప్ప కత్తి ఎత్తే సీన్‌కి వాళ్లూ అందరితో పాటే కదిలిపోయారు. 'ఎందుకు' తెలిసినా, 'ఎలా' చూడాలనే కోరిక తగ్గదు. మన ఊళ్లో రాముడి కథ తెలియనివాళ్లు ఎవరు? అయినా హరికథకి కూర్చుంటాం కదా.

అందుకే నా ఉద్దేశం ఇది. పాఠకుడు ముందే కనిపెట్టాడంటే రైటర్ ఓడిపోయినట్టు కాదు. క్లూలు నిజాయితీగా ఇచ్చాడని, వాటిని ఒకళ్లు శ్రద్ధగా చదివారని అర్థం. ఒక రైటర్‌కి దొరికే పాఠకుల్లో అంతకన్నా మంచి పాఠకుడు ఉండడు. వాడిని ఓడించడం కోసం కథని విరిచేస్తే ఆ ఒక్కసారి ఆశ్చర్యపరచొచ్చు. కానీ తర్వాతి మిస్టరీకి వాడు నోట్సు తీయడు. 'ఏముందిలే, చివర్లో ఏదో ఒక పేరు పెడతారు' అనుకుంటాడు. ఆ మాట పాఠకుడి నోట్లోంచి వచ్చిన రోజు, ఏ కేటలాగూ ఏ ట్రైలరూ వాడిని వెనక్కి తేలేవు.

మన వైపు నుంచి కూడా ఒక మాట. థియరీ వేయండి, గట్టిగా వాదించండి. కానీ లీకుల కోసం వెతక్కండి. క్లూతో కనిపెడితే అది మీ తెలివి. లీకు చూసి చెప్తే అది వేరేవాడి జేబులోంచి తీసిన చీటీ. అలాగే మన థియరీ తప్పయితే రైటర్‌ని తిట్టొద్దు. ఆయన ఇచ్చిన క్లూలకి ఆయన జవాబు సరిపోయిందా లేదా, అది మాత్రమే చూడండి. సరిపోకపోతే అప్పుడు అడిగే హక్కు మీకుంది. స్టాన్ లీ ఖాళీ కవర్ పంపినా సరే!

మీరు క్లూలు పట్టుకుని ముందే కరెక్ట్‌గా గెస్ చేసిన కథ ఏదైనా ఉంటే, కామిక్ అయినా, సినిమా అయినా, వీక్లీలో సీరియల్ అయినా, ఏ క్లూతో పట్టుకున్నారో కూడా కామెంట్‌లో రాయండి. క్లూ లేకుండా 'నేను ముందే చెప్పా' అంటే మాత్రం ఒప్పుకోం. నచ్చితే మీ ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, ఉంటాను.